తుప్పు వేరు, అరుగుదల వేరు: ఇంటి షెడ్డులో పాత లేతు మిషను బాగుచేయడం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటిది ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. నేను 6వ తరగతి నుండి 10వ తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ రెండో సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మొదట "పరీక్షలకు ఎలా సిద్ధం కావాలి" అని రాద్దామనుకున్నాను. కాని ఆ మాట మీకు రోజూ చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకని పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను నేర్చుకున్నది రాస్తున్నాను. ఇందులో లెక్కలు వస్తాయి గాని భయపడనక్కర్లేదు, 10వ తరగతి దాటినవి ఏవీ లేవు.

మా నాన్న టర్నర్. ఒకే షాపులో 19 ఏళ్ళు లేతు మిషను మీద నిలబడి పనిచేశాడు. రైస్ మిల్లు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, చెరకు రసం మిషను రోలర్లు, బోరు పంపుల బుష్‌లు అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. ఆ షాపు మూతపడే నాటికి ఆయనకు 7 నెలల జీతం బాకీ ఉంది. యజమాని డబ్బు లేదని చెప్పి, మూలన పడి ఉన్న పాత లేతును బాకీ కింద తీసుకుపొమ్మన్నాడు. నాలుగున్నర అడుగుల బెడ్డు ఉన్న చిన్న మిషను. పైన రేకు కారడం వల్ల రెండు వర్షాకాలాలు తడిసి ఎర్రగా అయిపోయింది. ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని ఇంటికి తెస్తే వీధిలో అందరూ నవ్వారు. పాత ఇనుము కొనే అతను చూసి 13 వేలు ఇస్తానన్నాడు. నా పరీక్ష ఫీజు, హాస్టల్ బిల్లు రెండూ కట్టాల్సిన రోజులవి. అమ్మ అమ్మేద్దామంది. నాన్న మాత్రం "ఒక్క నెల చూద్దాం. కాకపోతే అప్పుడే అమ్ముదాం, తుక్కు ఎక్కడికీ పోదు" అన్నాడు.

కాబట్టి మాకు ఉన్నది ఒక నెల.

లేతు అంటే ఏమిటో చూడనివాళ్ళకు రెండు మాటలు. కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంది, చెయ్యి కదలకుండా ఉంటుంది. లేతులో ఇనుప కడ్డీ అడ్డంగా తిరుగుతుంది, టూలు దాన్ని చెక్కుతుంది. కడ్డీని పట్టుకునేది చక్. టూలును మోసుకుంటూ అటూ ఇటూ నడిచేది క్యారేజ్. ఆ క్యారేజ్ నడిచే పొడవాటి బీడు దూలమే బెడ్. దాని మీద ముందువైపు ఒక గుట్టలాంటి దారి, వెనకవైపు ఒక చదును దారి ఉంటాయి (మాది అలాంటిది, అన్నీ ఇలాగే ఉండవు). రైలుకు పట్టాలు ఎలాగో క్యారేజ్‌కు ఈ దారులు అలాగ.

టూలును చేత్తో పట్టుకోకుండా ఇనుప స్లైడ్‌లో బిగించి, పొడవాటి మరతో నడిపించి, పళ్ళ చక్రాలు మార్చి రకరకాల మరలు కోసే లేతును సుమారు 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే అనే పనివాడు తయారుచేశాడు. ఇతను 12 ఏళ్ళకే ఆయుధాల కర్మాగారంలో తూటాలు నింపే పనికి వెళ్ళినవాడు. తర్వాత ఒక పేరున్న తాళాల తయారీదారు దగ్గర ఫోర్‌మన్‌గా ఎదిగాడు. వారానికి 30 షిల్లింగుల జీతం చాలడం లేదు, పెంచమని అడిగితే ఆ యజమాని ఒప్పుకోలేదు. దాంతో 1797లో బయటికి వచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. ఈ సంగతి నేను నాన్నకు చెబితే ఆయన చాలాసేపు నవ్వాడు.

ఇక నేను చేసిన తప్పు దగ్గరికి వస్తాను. మీకు ఉపయోగపడేది అదే.

మిషను వచ్చిన రెండో రోజు నాన్న ఏదో పని మీద బయటికి వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి మిషనును మెరిపించి ఆశ్చర్యపరచాలని నా ఆలోచన. పక్కింటి వెల్డింగు అన్నను అడిగి చేతి గ్రైండరు తెచ్చాను, దానికి గరుకు కాగితపు చక్రం బిగించాను, బెడ్ మీద వెనక దారి చివర నుండి మొదలుపెట్టాను. తుప్పు ఎగిరిపోయి ఇనుము అద్దంలా మెరిసింది. జానెడు మేర అయ్యేసరికి నాన్న వచ్చాడు. తిట్టలేదు. స్విచ్ తీసేసి, నా చెయ్యి పట్టుకుని ముందు దారి చివర, నేను ఇంకా ముట్టుకోని చోట పెట్టి, నూనెగుడ్డతో తుప్పు తుడిచాడు. దాని కింద చేప పొలుసుల్లాంటి సన్నని గుర్తులు కనిపించాయి. "ఇవి కంపెనీలో స్క్రేపర్‌తో చేత్తో గీకిన గుర్తులు. మిషను పుట్టినప్పుడు దారి ఎంత ఎత్తున ఉందో చెప్పే సాక్షి ఇది ఒక్కటే. వెనక వైపు సాక్షిని నువ్వు చెరిపేశావు" అన్నాడు.

అప్పటిదాకా నేను తుప్పే జబ్బు అనుకున్నాను. నిజానికి అది చర్మం మీది గజ్జి లాంటిది. తుప్పు కింద ఇనుము చాలావరకు అలాగే ఉంటుంది, తుడిస్తే పోతుంది. అసలు జబ్బు అరుగుదల. అది మెరుస్తూ ఉంటుంది, కాబట్టి కంటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లేతులో ఎక్కువ పని చక్ దగ్గరే జరుగుతుంది గనుక క్యారేజ్ అక్కడే ఏళ్ళ తరబడి రాసుకుని, అక్కడి దారి అరిగిపోతుంది. దూరపు చివర కొత్తదానిలాగే ఉంటుంది. దీన్ని కనిపెట్టడానికి నాన్న చేసిన పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, కింది పట్టీల మరలు ఆట లేకుండా బిగించాడు. తర్వాత చేతి చక్రం తిప్పుతూ కుడివైపు జరిపాడు. సగం దూరం పోయేసరికి గట్టిపడింది, మూడు వంతులు పోయేసరికి ఆగిపోయింది. అంటే చక్ దగ్గర దారి పలుచబడిందన్నమాట. పాత లేతు కొనబోయే వాళ్ళెవరైనా సరే, రంగు చూడకుండా మొదట ఈ పరీక్ష చేయాలి.

ఇప్పుడు ఒక లెక్క. దారి 0.1 మి.మీ. అరిగితే ఏమవుతుంది? మన వెంట్రుక మందమంత కూడా ఉంటుందో ఉండదో. ఇంత చిన్న దానికి ఇంత గొడవ ఎందుకు?

25 మి.మీ. వ్యాసం ఉన్న కడ్డీని చెక్కుతున్నాం అనుకోండి. వ్యాసార్ధం 12.5. టూలు సరిగ్గా కడ్డీ మధ్య ఎత్తున ఉండాలి. రెండు దారులూ సమానంగా 0.1 అరిగి టూలు నిలువుగా 0.1 కిందికి దిగితే, పైథాగరస్ సూత్రం ప్రకారం కొత్త వ్యాసార్ధం 12.5 వర్గం, 0.1 వర్గం కలిపిన దాని వర్గమూలం. చేసి చూడండి, 12.5004 వస్తుంది. వ్యాసంలో తేడా 0.0008 మాత్రమే. మా షెడ్డులో ఉన్న ఏ కొలత పరికరానికీ అది అందదు. నేను ఈ లెక్క చేసి "నాన్నా, ఏమీ కాదు" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆయనే నిజం.

ఎందుకంటే దారులు సమానంగా అరగవు. ముందు దారి మీద బరువు, టూలు ఒత్తిడి ఎక్కువ పడతాయి గనుక అది ఎక్కువ అరుగుతుంది. అప్పుడు క్యారేజ్ నిలువుగా దిగదు, మన వైపుకు ఒరుగుతుంది. మంచానికి ముందు కోడు ఒకటి పొట్టిదైతే దాని మీద నిలబెట్టిన కర్ర పైకొన ఎటు పోతుందో ఊహించండి. మా మిషనులో రెండు దారుల మధ్య దూరం 200 మి.మీ., దారుల నుండి టూలు కొన దాకా ఎత్తు 150 మి.మీ. సరూప త్రిభుజాల లెక్కన ముందు దారి 0.1 దిగితే టూలు కొన మన వైపుకు 0.1 × 150 ÷ 200, అంటే 0.075 జరుగుతుంది. ఈ జరుగుడు కడ్డీకి దూరంగా అడ్డంగా జరుగుతుంది కాబట్టి వ్యాసంలో రెట్టింపు, 0.15 మి.మీ. తేడా వస్తుంది. బేరింగు కూర్చునే షాఫ్టుకు 0.15 తేడా అంటే ఆ షాఫ్టు చెత్తబుట్టకే. నిలువుగా దిగితే 0.0008, ఒరిగితే 0.15. అదే 0.1 అరుగుదల!

మరి అరిగిన దారిని మళ్ళీ చదును చేయలేమా? చేయవచ్చు. అయితే చదునుదో కాదో దేనితో పోల్చి చూస్తాం? పోల్చే పలక చదునుదని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న మీకూ వచ్చి ఉంటుంది, స్కేలును తయారుచేసిన స్కేలు ఏది అని. దీనికి జవాబు మాడ్స్‌లే షాపులో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో అందరికీ వివరించాడు. రెండు పలకలను ఒకదానికొకటి సరిపోయేలా గీకితే చాలదు, ఎందుకంటే ఒకటి మూకుడులా గుంటగా, రెండోది దాంట్లో సరిపోయేలా ఉబ్బుగా ఉన్నా అవి చక్కగా అతుక్కుంటాయి. అందుకే మూడు పలకలు తీసుకోవాలి. ఒకటోది గుంట అయితే దానికి సరిపోయే రెండోదీ, మూడోదీ రెండూ ఉబ్బుగానే ఉంటాయి. అప్పుడు రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపితే అవి ఊగుతాయి, దొంగతనం బయటపడుతుంది. నీలి రంగు పూసి, తగిలిన చోటల్లా కొంచెం కొంచెం గీకుతూ, తిప్పి తిప్పి కలుపుతూ పోతే మూడూ ఒకదానికొకటి అన్ని విధాలా సరిపోయేది ఒక్క సందర్భంలోనే, మూడూ చదునైనప్పుడు. చదునైన వస్తువు ఒక్కటి కూడా లేకుండానే చదును పుట్టింది చూడండి. నాకు ఎం.ఎస్సీ.లో ఇంత నచ్చిన పాఠం ఇంకొకటి లేదు, ఇది సిలబస్‌లో కూడా లేదు.

అయితే మొత్తం బెడ్‌ను ఇలా గీకడం నెల రోజుల్లో మావల్ల అయ్యే పని కాదు. మేం అది మానుకున్నాం. తుప్పు తీసి, ఆటలు సరిచేసి, ఉన్న అరుగుదలను ఎంతవరకు సర్దుకోవచ్చో చూడాలనుకున్నాం.

తుప్పు సంగతి. దారుల మీద డీజిల్, పాత గుడ్డ, చిన్న ఇత్తడి రేకు ముక్క, అంతే. గ్రైండరు ముట్టుకోలేదు. పళ్ళ చక్రాలు, హ్యాండిళ్ళు, చిన్న భాగాలకు మాత్రం నేను కెమిస్ట్రీ వాడాను. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగను తుప్పు పట్టిన భాగానికి, ప్లస్ తీగను ఒక పనికిరాని ఇనుప రేకుకు కలపాలి. రెండూ తగలకూడదు. రాత్రికి రాత్రి తుప్పు నల్లటి బురదలా వదులై, బ్రష్‌తో రుద్దితే పోతుంది. మీరు ఎప్పుడైనా చేస్తే మూడు సంగతులు మరవకండి. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు, గరిటెలు పెట్టకూడదు, దాంట్లోని క్రోమియం విషంగా మారి నీళ్ళలోకి వస్తుంది. సోడా బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వస్తుంది. ఇంకొకటి, బయటికి తీసిన భాగాన్ని వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. మా చక్ దవడలు రెండుసార్లు అలా అయ్యాయి.

మోటారు షాపులో త్రీఫేజ్‌ది, మా ఇంట్లో కరెంటు సింగిల్ ఫేజ్. పాతది ఇచ్చి, పైన కొంత డబ్బు వేసి సింగిల్ ఫేజ్ ఒక హార్స్‌పవర్ మోటారు తెచ్చాం. ఎర్త్ తీగ విడిగా గొయ్యి తీసి వేయించాం. మొత్తం ఖర్చులో ఇదే పెద్దది.

తర్వాత అసలు పరీక్ష. 40 మి.మీ. కడ్డీ ఒకదాన్ని చక్‌లో బిగించి, 150 మి.మీ. బయటికి ఉంచాం. రెండో కొనకు ఏ ఆసరా ఇవ్వలేదు. మధ్యలో సన్నగా చెక్కి, రెండు చివర్లలో రెండు ఉంగరాల్లా మిగిల్చాం. ఆ తర్వాత టూలును ముందుకూ వెనక్కూ కదపకుండా చాలా పలుచగా రెండు ఉంగరాల మీదా ఒకే కోత కోశాం. మైక్రోమీటరుతో కొలిస్తే చక్ దగ్గరిది 38.42, బయటిది 38.29. తేడా 0.13. చక్ దగ్గర టూలు మన వైపు ఒరిగింది గనుక అక్కడ లావుగా మిగిలింది. నా కాగితం లెక్క ఇనుము మీద కనబడిన క్షణం అది, మా నాన్నకు మాత్రం అందులో కొత్తేమీ లేదు.

సర్దుబాటు ఏమిటంటే, చివరి వైపు కాళ్ళలో వెనక కాలు కింద పలుచని రేకు పెట్టడం. వెనక కాలు లేస్తే బెడ్ ఆ చివర కొంచెం మెలి తిరిగి, అక్కడ కూడా టూలు మన వైపుకు ఒరుగుతుంది. అంటే బయటి ఉంగరం కూడా కొంచెం లావవుతుంది, తేడా తగ్గుతుంది. అంత లావు బీడు దూలం రేకు ముక్కకు మెలి తిరుగుతుందా అని నేను నవ్వాను. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి ఒక ముక్క పెట్టి బోల్టు బిగించాం, తేడా మారింది. రెండు, మూడు, మళ్ళీ రెండున్నర... ఆరు రోజులు, తొమ్మిది కడ్డీ ముక్కలు. చివరికి 0.04 దగ్గర ఆగాం. ఇది వైద్యం కాదు, ఒక తప్పును ఇంకొక తప్పుతో సర్దడం. ఆ 150 మి.మీ. మేరకే పనికొస్తుంది. పొడవాటి షాఫ్టులు మేం ఇప్పటికీ ఒప్పుకోం.

నెలలో ఇంకా నాలుగు రోజులున్నాయనగా మరలు కోయడం దగ్గర ఆగిపోయాం. మిషనుతో పాటు వచ్చిన పళ్ళ చక్రాల డబ్బాలో ఒకటి లేదు. "127 లేదురా" అన్నాడు నాన్న. మెట్రిక్ మర కోయాలంటే 127 పళ్ళ చక్రం వెయ్యాలని ఆయనకు 19 ఏళ్ళుగా తెలుసు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. నేను కాగితం తీసుకున్నాను.

మా మిషను పాత అంగుళాల కాలం నాటిది. దాని లీడ్ స్క్రూకు అంగుళానికి 6 మరలు. అంగుళం సరిగ్గా 25.4 మి.మీ. అని 1959లో ఆరు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. కాబట్టి లీడ్ స్క్రూ ఒక చుట్టు తిరిగితే టూలు 25.4 ÷ 6 మి.మీ. నడుస్తుంది. మనకు కావలసింది చక్ ఒక చుట్టుకు 2 మి.మీ. అయితే చక్రాల నిష్పత్తి 2 × 6 ÷ 25.4, అంటే 12 ÷ 25.4. చక్రానికి అర పన్ను, పావు పన్ను ఉండవు. పైనా కిందా 5తో గుణిస్తే 60 ÷ 127. 25.4ను దశాంశం లేకుండా చేసే అతి చిన్న సంఖ్య 127. అది ప్రధాన సంఖ్య కూడా, కాబట్టి దాన్ని ఇంకా చిన్న చక్రాలుగా విడగొట్టే దారి లేదు. 7వ తరగతిలో ప్రధాన సంఖ్యలు ఎందుకు నేర్చుకుంటామని నేను మన లెక్కల సారును విసిగించేవాణ్ణి. జవాబు మా నాన్న డబ్బాలో ఉంది, అదీ పోయిన చక్రం రూపంలో.

కొత్తది చేయించాలంటే డబ్బు లేదు. అప్పుడు దగ్గరి నిష్పత్తి వెతికాను. 127కు 100 బదులు 80కి 63 వాడితే ఎంత తప్పు వస్తుంది? 100 ÷ 127 అంటే 0.7874, 63 ÷ 80 అంటే 0.7875. 100 మి.మీ. పొడవు మర కోస్తే వచ్చే తేడా 0.0125 మి.మీ. మన నట్లకు, బోల్టులకు అది లెక్కలోనిది కాదు. 63, 80 మా డబ్బాలో ఉన్నాయి. 30, 50 కూడా ఉన్నాయి. నాలుగింటినీ కలిపి 30 × 63 ÷ (50 × 80) వేస్తే 0.4725. అసలు కావలసింది 0.47244. నాన్న చక్రాలు ఎక్కించి, 2 మి.మీ. మర కోసి, బజారు నుండి తెచ్చిన నట్టును వేళ్ళతో ఎక్కించాడు. నట్టు చివరిదాకా పోయింది. ఆయన దాన్ని వెనక్కు తిప్పి తీసి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ తీశాడు. తర్వాత సుద్దముక్క ఇచ్చి ఆ నాలుగు అంకెలూ షెడ్డు తలుపు మీద రాయమన్నాడు.

షెడ్డు నియమాలు కూడా ఆ తలుపు మీదే ఉన్నాయి. మిషను తిరిగేటప్పుడు మెడలో తువ్వాలు, లుంగీ, చేతికి గ్లౌజులు ఉండకూడదు. చక్ తాళంచెవి చక్‌లో వదలకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి. తువ్వాలు నియమం రాసింది నేను, దాన్ని ఎక్కువసార్లు మరిచిపోయేది నాన్న.

ఇప్పుడు రోజుకు రెండు మూడు పనులు వస్తున్నాయి. ఎక్కువగా బుష్‌లు, పిన్నులు, చెరకు మిషను సామాను. బాకీ జీతం అంతా ఇంకా తిరిగి రాలేదు, నా రెండో సెమిస్టరు ఫీజు మాత్రం ఆ షెడ్డు నుండే వెళ్ళింది. వెనక దారి చివర నేను గ్రైండరు పెట్టిన జానెడు మేర ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది. క్యారేజ్ అంతదూరం పోదు కాబట్టి బతికిపోయాం. నాన్న దాని మీద నూనెడబ్బా పెడుతుంటాడు.